చెరువు కట్ట మీద వానకోయిలనీ తూనీగనీ పోల్చి చూడటం ఎలా?

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం ఏదైనా చెరువు కట్ట ఎక్కి నిలబడండి. అలుగు ఇంకా సన్నగా పారుతూ ఉంటుంది. కింద ఆయకట్టులో వరి పచ్చగా ఉంటుంది. మడుల మీద మనిషి ఎత్తులో బంగారు రంగు తూనీగలు వందల్లో తిరుగుతుంటాయి. వాటికి కాస్త పైన, తోక రెండు పాయలుగా చీలిన చిన్న పిట్టలు నీళ్ల మీద నుంచి మడుల మీదికి, మడుల మీద నుంచి మళ్లీ నీళ్ల మీదికి తిరుగుతుంటాయి. రెండూ చేస్తున్నది ఒకటే పని: గాల్లో ఎగిరే పురుగుల్ని గాల్లోనే పట్టుకుని తినడం. పైగా రెండూ దూరప్రయాణం చేసేవే.

ఈ రెండింటినీ, అంటే వానకోయిల అనే పాట పిట్టనీ (ఇంగ్లీషులో సాంగ్‌బర్డ్) తూనీగనీ, సరిగ్గా పోల్చడం ఎలాగో చెప్తాను. ఖర్చు పెద్దగా లేదు. ఒక నోటుబుక్కు, పెన్సిలు, టోపీ, స్లో మోషన్ వీడియో తీయగలిగే ఫోను ఉంటే చాలు. బైనాక్యులర్ ఉంటే మంచిది (8×40 లేదా 8×42 సరిపోతుంది), లేకపోయినా పని ఆగదు. ఐదు సాయంత్రాలు, రెండు తెల్లవారుజాములు కేటాయించుకోండి.

మొదటి పని: జంటను సరిగ్గా ఎంచుకోవడం

'పాట పిట్ట'ను ఎంచుకోమంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కోయిల. కానీ శాస్త్రం లెక్కలో కోయిల సాంగ్‌బర్డ్ కాదు, కాకి సాంగ్‌బర్డ్! వినడానికి అన్యాయంగా ఉంటుంది కానీ విషయం అంతే. గొంతు తియ్యగా ఉందా లేదా అన్నది ఇక్కడ కొలత కాదు. పక్షుల్లో ఒక పెద్ద కుటుంబ శాఖకి ఆ పేరు పెట్టారు. ఆ శాఖ పక్షులకి శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే స్వరపేటికలో కండరాలు చాలా క్లిష్టంగా ఉంటాయి. కాకి, పిచ్చుక, గోరింక, పికిలిపిట్ట, మనం ఇక్కడ చూడబోయే స్వాలో అన్నీ ఆ శాఖలోవే. కోయిల వేరే శాఖ.

స్వాలోని మన నిఘంటువులు వానకోయిల అంటాయి. అది కోయిల కాదు, మన దగ్గరికి వానతో వచ్చేదీ కాదు. మనం చూడబోయే రకం వానలు వెనక్కి తగ్గుతుండగా వస్తుంది. అయినా పేరు బాగుంది కాబట్టి నేను అదే వాడతాను. కచ్చితంగా చెప్పాలంటే ఇంగ్లీషులో బార్న్ స్వాలో అనేది, శాస్త్రీయ నామం హిరుండో రుస్టికా.

తూనీగల్లో మనం తీసుకునేది పాంటాలా ఫ్లావిసెన్స్. ఇంగ్లీషులో గ్లోబ్ స్కిమ్మర్ అనీ వాండరింగ్ గ్లైడర్ అనీ అంటారు. దేశదిమ్మరి అన్నమాట. పసిఫిక్ మధ్యలో ఒంటరిగా ఉన్న ఈస్టర్ దీవిలో కూడా ఇది ఉంది. వానాకాలంలో, తెలంగాణలో బతుకమ్మ రోజుల వరకూ, బడి గ్రౌండ్ల మీదా పొలాల మీదా గుంపులుగా తిరిగే పసుపు రంగు తూనీగలు ఎక్కువగా ఇవే.

వేరే జంట తీసుకోకూడదా అంటే, తీసుకోవచ్చు. ఒక్కటే షరతు: రెండూ ఒకే పనిని వేర్వేరు పద్ధతుల్లో చేసేవి కావాలి. పిచ్చుకనీ తూనీగనీ పోలిస్తే 'ఇది గింజలు తింటుంది, అది పురుగులు తింటుంది' అని రాసి పుస్తకం మూసేయాల్సి వస్తుంది.

రెండో పని: ఇది అదేనా అని తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. నేను మొదటి ఏడాది దాదాపు నెల రోజులు స్విఫ్ట్‌లని లెక్కబెట్టి వానకోయిలలని రాసుకున్నాను. ఆ పేజీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. స్విఫ్ట్ చూడటానికి అలాగే ఉంటుంది, అలాగే ఎగురుతుంది, కానీ సాంగ్‌బర్డ్ కానే కాదు. తేడా పట్టుకోవడానికి సులువైన దారి కరెంటు తీగ. వానకోయిల తీగ మీద హాయిగా కూర్చుంటుంది. స్విఫ్ట్ కాళ్లు తీగ మీద కూర్చోవడానికి పనికిరావు. అది గోడకో తాటాకుకో గోళ్లతో వేలాడగలదు, అంతే. తాటిచెట్ల చుట్టూ కీచుకీచుమంటూ తిరిగే సన్నని గోధుమ రంగు పిట్టలు పామ్ స్విఫ్ట్‌లు. నడుం మీద తెల్లపట్టీ ఉండి, రెక్కలు కొడవలిలా ఉండి, పాత కట్టడాల దగ్గర గుంపుగా తిరిగేవి హౌస్ స్విఫ్ట్‌లు. తీగ మీద వరసగా కూర్చున్న వాటినే ముందు చూడండి.

తీగ మీదవన్నీ మన పిట్టలే అనుకోవద్దు. వానకోయిలకి వీపు నల్లని నీలం, నుదురూ గొంతూ ఇటుక ఎరుపు, ఆ ఎరుపు కింద ముదురు రంగు పట్టీ ఉంటాయి. నడుం మీద లేత నారింజ మచ్చ కనిపిస్తే అది రెడ్ రంప్డ్ స్వాలో. తలమీద ఇటుక రంగు టోపీ ఉండి, గొంతు నుంచి పొట్ట దాకా తెల్లగా ఉండి, తోక నుంచి రెండు సన్నని తీగలు వేలాడితే వైర్ టెయిల్డ్ స్వాలో. ఇది చెరువుల దగ్గరే ఏడాదంతా ఉంటుంది.

ఇంకో చిక్కు. పుస్తకాల్లో బొమ్మ చూసి పొడవాటి తోక పాయల కోసం వెతుకుతారు. అక్టోబరులో వచ్చే వాటిలో ఆ ఏడాదే పుట్టినవి చాలా ఉంటాయి. వాటికి పాయలు పొట్టిగా ఉంటాయి, గొంతు రంగు వెలిసినట్టు ఉంటుంది. పెద్ద పక్షులు కూడా చలికాలంలో ఈకలు మార్చుకుంటాయి. అందుకని తోక పొడవు మీద కాకుండా గొంతు కింది పట్టీ మీద ఆధారపడండి.

తూనీగ దగ్గర పద్ధతి వేరు. రంగు కంటే నడవడిక ముఖ్యం. పది నిమిషాలు చూసినా ఎక్కడా వాలకుండా తిరుగుతూనే ఉందా? మధ్యమధ్యలో రెక్కలు ఆడించకుండా తేలుతోందా? అయితే మనదే కావచ్చు. వాలినా కొమ్మకి బట్ట ఆరేసినట్టు నిలువుగా వేలాడుతుంది. వెనక రెక్కల మొదలు బాగా వెడల్పుగా ఉండి, మచ్చలేమీ లేకుండా అద్దంలా ఉంటుంది. అక్కడ ముదురు రంగు పెద్ద మచ్చ ఉంటే అది ట్రేమియా అనే మరో జాతి. మురికి చెరువు ఒడ్డున గడ్డిపరక కొసన కూర్చుని, లేచి, మళ్లీ అదే పరక మీదికి వచ్చే నారింజ రంగుది ఇంకోటి, దాన్ని వదిలేయండి. రెక్కలు మూసుకుని కూర్చునే పుల్లలాంటి సన్నని పురుగులు తూనీగలకి చుట్టాలే కానీ మన లెక్కలోకి రావు.

మూడో పని: చోటు, వేళ

రెండూ ఒకేసారి దొరికే కాలం సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు దాకా. వానకోయిలలు ఏప్రిల్ వరకు ఉంటాయి కానీ ఈ తూనీగల గుంపులు అప్పటికి పలచబడతాయి. చెరువు కట్ట అయితే అన్నిటికంటే మంచిది. ఒకవైపు నీళ్లు, ఒకవైపు పొలం, నిలబడటానికి ఎత్తైన చోటు. తూము దగ్గర నీడ ఉంటే ఇంకా మంచిది. కొల్లేరు చుట్టుపక్కల ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, రోడ్డు పక్క తీగలే చాలు. హైదరాబాదులో అయితే అమీన్‌పూర్ చెరువు లాంటి చోట్లు ఉన్నాయి. ఏమీ లేకపోతే అపార్టుమెంటు టెర్రస్ మీదికి వెళ్లండి. తూనీగలు అక్కడికే వస్తాయి.

ఒకే చోట నిలబడండి. రోజుకో చోటు మారిస్తే కనిపించిన తేడా జీవిదో చోటుదో తేల్చలేం. నలభై ఐదు నిమిషాల చొప్పున, పొద్దు దిగడానికి గంట ముందు మొదలుపెట్టండి.

రెండు రోజులు మాత్రం తెల్లవారకముందే వెళ్లండి. ఎందుకో అక్కడే తెలుస్తుంది. పక్షి ఒళ్లు ఎప్పుడూ దాదాపు 40 డిగ్రీల వేడిలో ఉంటుంది, ఆ వేడిని అదే తయారు చేసుకుంటుంది. అందుకే వెలుగు రాగానే పనిలోకి దిగుతుంది. తూనీగ రెక్కల కండరాలు ముందు వేడెక్కాలి. ఎండ కోసం కాచుకుంటుంది, లేదా రెక్కల్ని వణికించి వేడి పుట్టించుకుంటుంది. నవంబరు పొద్దున మంచులో తడిసి కొమ్మకి వేలాడుతున్న తూనీగని వేళ్లతో తీసుకోవచ్చు, కదలదు. అదే సమయానికి పిట్టలు అప్పటికే ఆకాశంలో ఉంటాయి. మొదటి పిట్ట ఎగిరిన సమయం, మొదటి తూనీగ ఎగిరిన సమయం రాసుకోండి. ఈ రెండు అంకెల మధ్య తేడా చలి పెరిగేకొద్దీ ఎలా మారుతుందో చూడటం నాకైతే మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

నాలుగో పని: ఎగరడం

ఫోనులో స్లో మోషన్ పెట్టండి. చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు వస్తాయి. వానకోయిల తిన్నగా ఎగిరేటప్పుడు సెకనుకి సుమారు 7 నుంచి 9 సార్లు రెక్క కొడుతుంది. అంటే ఒక్కో రెక్కపోటు మీ వీడియోలో దాదాపు 30 ఫ్రేములు ఉంటుంది, తీరిగ్గా లెక్కపెట్టొచ్చు. తూనీగ రెక్క సెకనుకి దాదాపు 30 సార్లు ఆడుతుంది అనుకుంటే మీకు దొరికేది 8 ఫ్రేములే. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములే ఉంటాయి కాబట్టి తూనీగ రెక్క ఆగిపోయినట్టో, నెమ్మదిగా వెనక్కి నడుస్తున్నట్టో కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆ వీడియో చూసి ఏమీ రాయకండి.

స్లో మోషన్‌లో చూడాల్సింది వేగం కాదు, యంత్రం. పిట్టకి రెండు రెక్కలు, వాటికి తోడు తోక. మలుపు తిరిగేటప్పుడు తోక ఎలా విసనకర్రలా విచ్చుకుంటుందో చూడండి. తూనీగకి నాలుగు రెక్కలు, వాటి కండరాలు నేరుగా రెక్క మొదళ్లకే తగిలి ఉంటాయి. అందుకే ముందు జత ఒకలా, వెనక జత ఇంకోలా ఆడించగలదు. పొడుగ్గా వెనక ఉన్నదాన్ని మనం తోక అంటాం కానీ అది పొట్ట. చిన్నప్పుడు దానికే దారం కట్టి ఎగరేసేవాళ్లం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మీరు పిల్లల్ని వెంట తీసుకెళ్తే దారం పని మాత్రం చేయనివ్వకండి.

కొలతలు ఇలా రాసుకోండి. వానకోయిల రెక్కలు చాపితే సుమారు 33 సెంటీమీటర్లు, బరువు సుమారు 18 గ్రాములు, అంటే దాదాపు మూడు ఐదు రూపాయల బిళ్లలు. తూనీగ రెక్కలు చాపితే సుమారు 8 సెంటీమీటర్లు, బరువు గ్రాములో మూడో వంతుకి అటూ ఇటూ, పదిహేను బియ్యపు గింజలంత. వెడల్పులో పిట్ట నాలుగు రెట్లు, బరువులో మాత్రం యాభై అరవై రెట్లు. ఈ రెండు నిష్పత్తుల మధ్య ఎంత తేడా ఉందో గమనించండి. తూనీగకి గాలి తీసుకుపోతే పోవడం, తేలడం సులువు. పిట్టకి ఎదురుగాలిలో తోసుకుపోవడం సులువు. గాలి గట్టిగా వీచిన రోజు వెళ్లి చూడండి.

'ఒళ్లు పొడవుతో పోల్చుకుంటే తూనీగ పిట్టకంటే వేగం' లాంటి వాక్యాలు తరచూ కనబడుతుంటాయి. నేను వాటిని నమ్మను. తప్పని కాదు, దేనికీ పనికిరావని. ఎగిరే పురుగుని పట్టాలంటే ఆ పురుగు వేగాన్ని అందుకోవాలి, తన ఒళ్లు పొడవుతో దానికి సంబంధం ఏముంది?

ఐదో పని: వేట, నీళ్ల మీద తాకిడి

పిట్ట నోటితో పడుతుంది. ముక్కు చిన్నది, కానీ నోరు తెరిస్తే చెవుల దాకా వెడల్పు. తూనీగ కాళ్లతో పడుతుంది. ముళ్లున్న ఆరు కాళ్లని బుట్టలా ముందుకు చేర్చి, పురుగుని అందులో వేసుకుని, ఎగురుతూనే నమిలేస్తుంది. తూనీగ ఆరు కాళ్లూ పెట్టుకుని నడవదు ఎందుకని ఎవరైనా పిల్లలు అడిగితే జవాబు ఇదే. అవి నడవడానికి కాదు, పట్టుకోవడానికి.

తూనీగ వేటలో ఒక తెలివి ఉంది. పురుగు వెనకాల పరిగెత్తదు, పురుగు ఎక్కడికి చేరబోతోందో అక్కడికి వెళ్తుంది. క్రికెట్‌లో మంచి ఫీల్డర్ బంతి వెంట కాకుండా బంతి పడే చోటికి పరిగెత్తినట్టు. ప్రయోగాల్లో తూనీగలు నూటికి తొంభై పైన వేటల్లో గెలిచాయి. కానీ ఆ అంకెని మీ నోటుబుక్కులో ఎక్కించేముందు ఆగండి. అది కొమ్మ మీద కూర్చుని కాపు కాసి లేచే జాతుల మీద తేలిన సంగతి. మనది ఎప్పుడూ ఎగురుతూ ఉండే రకం. ఒక జాతి అంకెని ఇంకో జాతికి తగిలించడం ఇలాంటి పోలికల్లో ఎక్కువగా జరిగే తప్పు.

ఇక నీళ్లు. చెరువు మీద రెండూ వచ్చి నీటిని తాకి వెళ్తాయి. ఒకేలా కనిపిస్తాయి. పిట్ట ముక్కు కిందికి దించి, ఒక గీత గీసి లేస్తుంది. అది దాహం, ఎగురుతూనే తాగుతుంది. ఒక్కోసారి పొట్ట తగిలేలా దిగి స్నానం కూడా చేస్తుంది. తూనీగ పొట్ట కొసని టప్ టప్ మని వరసగా నాలుగైదు చోట్ల ఆనిస్తుంది. అది దాహం కాదు, గుడ్లు పెట్టడం. పావుగంట సేపు తాకిడి గుర్తులు మాత్రమే రాయండి: ఎవరు తాకారు, ఒళ్లులో ఏ భాగంతో, ఒకసారా వరసగానా.

తర్వాత కట్ట దిగి, ఆపి ఉన్న ఓ నల్లని కారు పక్కన నిలబడండి. తూనీగలు బానెట్ మీద కూడా టప్ టప్ మని తాకుతుంటాయి. అవి నీటిని గుర్తుపట్టేది నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు తీరుని బట్టి. మెరిసే నల్లని పైపూత, పాలిష్ పెట్టిన గ్రానైటు, తడిసిన తారురోడ్డు కూడా వెలుగుని అలాగే తిప్పి పంపుతాయి. గుడ్లు అక్కడే ఎండిపోతాయి. కారు మీదికి దిగి నీళ్లు తాగబోయిన వానకోయిలని మాత్రం నేను చూడలేదు.

మధ్యలో చిన్న పరీక్ష: వాన సామెత

'తూనీగలు కిందికి దిగితే వాన' అని మా నాయనమ్మ అనేది. మీ ఇంట్లోనూ అని ఉంటారు. దీన్ని తేల్చడానికి రోజూ రెండు గడులు చాలు: ఈ సాయంత్రం మోకాలెత్తులో తిరిగాయా, తలపైన తిరిగాయా? ఆ రాత్రి వాన పడిందా? ముఖ్యంగా, కిందికి దిగినా వాన పడని రోజుల్ని తప్పకుండా రాయండి, మనం మర్చిపోయేవి అవే. పక్కన మూడో గడి పెట్టి వానకోయిలల ఎత్తు కూడా రాయండి. రెండూ ఒకే సాయంత్రం కిందికి దిగితే, అవి రెండూ వెంబడించే చిన్న పురుగులే కిందికి దిగాయని అనుమానించవచ్చు.

ఆరో పని: ప్రయాణాన్ని పోల్చడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. పై పనులన్నీ కట్ట మీద చేయగలిగినవి. ఇది మాత్రం ఇతరులు కనుక్కున్నదాన్ని సరిగ్గా చదువుకునే పని. తప్పులు జరిగేది కూడా ఎక్కువగా ఇక్కడే.

వానకోయిల సంగతి ముందు. మన తీగల మీద కూర్చున్నవి హిమాలయాల్లోనో ఇంకా ఉత్తర ఆసియాలోనో మట్టితో గూడు కట్టి, నాలుగైదు గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి వచ్చినవి, లేదా ఆ లేచిన పిల్లలే. ఏప్రిల్ నాటికి వెనక్కి వెళ్తాయి. బతికి ఉంటే మళ్లీ వస్తాయి. వెళ్లేదీ తిరిగొచ్చేదీ అదే పిట్ట.

తూనీగ సంగతి అలా కాదు. మాల్దీవుల్లో ఉండే సముద్ర జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ఒక విషయం పట్టించుకున్నాడు. ఏటా అక్టోబరులో లక్షల తూనీగలు ఆ దీవుల్లో దిగుతున్నాయి. అక్కడ పైన నిలిచే మంచినీళ్లు దాదాపు లేవు. తూనీగ పిల్ల పెరగాలంటే మంచినీళ్లు కావాలి. మరి ఇవి ఎక్కడివి? ఏళ్ల తరబడి తేదీలు రాసుకుని, దక్షిణ భారతం, మాల్దీవులు, సీషెల్స్, తూర్పు ఆఫ్రికాల్లో అవి కనిపించే వరసని చూసి, ఇవి హిందూ మహాసముద్రాన్ని దాటుతున్నాయని 2009లో ప్రచురించాడు. వానని మోసుకెళ్లే గాలుల వెంట, చాలా ఎత్తులో వెళ్తాయని ఆయన వాదన. పోయి వచ్చే చుట్టు మొత్తం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు ఉండొచ్చని అంచనా వేశాడు. ఈ మొత్తం పనికి మొదటి పెట్టుబడి తేదీలు రాసుకున్న ఓపికే. మీ నోటుబుక్కుని తక్కువ అంచనా వేయకండి.

2012లో ఇంకో ఆధారం వచ్చింది. తూనీగ పిల్ల ఏ నీటిలో పెరిగిందో ఆ నీటి హైడ్రోజన్ గుర్తు (మామూలు హైడ్రోజన్‌కీ బరువైన హైడ్రోజన్‌కీ ఉన్న నిష్పత్తి) దాని రెక్కలో ఉండిపోతుంది. ఒక్కో ప్రాంతం వాననీటిది ఒక్కో గుర్తు. మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కల్ని పరీక్షిస్తే అవి భారత ఉపఖండం ఉత్తర భాగం వైపు నుంచి వచ్చాయని తేలింది. అంటే అక్టోబరులో మీ తల మీద తిరిగే గుంపు స్థానికమే అని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు తేడా. ఆ చుట్టుని ఒక్క తూనీగ పూర్తి చేయదు. ఒక తరం వెళ్తుంది. వాన పడిన చోట గుంటల్లో గుడ్లు పెడుతుంది. ఆ గుంటలు ఎండేలోపు, దాదాపు నలభై రోజుల నుంచి రెండు నెలల్లో, పిల్ల పెరిగి రెక్కలు తెచ్చుకుని ముందుకు పోతుంది. నాలుగు తరాలు పట్టొచ్చని ఆండర్సన్ లెక్క. కాబట్టి 'తూనీగ 18,000 కిలోమీటర్లు ఎగురుతుంది, వానకోయిల అంతకంటే తక్కువ' అని రాస్తే ఒక కుటుంబం నాలుగు తరాల నడకని ఒక మనిషి నడకతో పోల్చినట్టు అవుతుంది. మీ పుస్తకంలో దూరం గడి పక్కన ఇంకో గడి తప్పకుండా పెట్టండి: 'వెళ్లింది ఎవరు? తిరిగొచ్చింది ఎవరు?' వానకోయిల ఎదురుగా 'అదే పిట్ట' అని, తూనీగ ఎదురుగా 'మనవలో మునిమనవలో' అని రాయండి.

తరాలు మారినా, బయల్దేరే నిర్ణయంలో పిట్టకీ తూనీగకీ పోలిక ఉందా? దీనికి మంచి జవాబు అమెరికా నుంచి వచ్చింది, జాతి మాత్రం వేరు. న్యూజెర్సీ ప్రాంతంలో గ్రీన్ డార్నర్ అనే పెద్ద తూనీగల్లో పద్నాలుగింటికి మార్టిన్ వికెల్స్కీ అనే శాస్త్రవేత్త బృందం 0.3 గ్రాముల రేడియో ట్రాన్స్‌మిటర్లు అంటించింది. అంటించడానికి కనురెప్పల వెంట్రుకలకి వాడే జిగురు, సూపర్ గ్లూ! చిన్న విమానంలో, కార్లలో వెంబడించారు. అవి సగటున దాదాపు మూడు రోజులకోసారి ప్రయాణం కట్టాయి. అదీ వరసగా రెండు రాత్రులు, ఒకదాన్ని మించి ఒకటి చల్లబడిన తర్వాతే. గాలి వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటితే కదల్లేదు. ఒక రోజు ప్రయాణం, మధ్యలో ఆగి తిండి, మళ్లీ ప్రయాణం. సాంగ్‌బర్డ్‌ల వలస తీరు కూడా ఇలాగే ఉంటుందని 2006లో రాశారు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న మన వాళ్లకి ఇది చేతికందే విషయం. మీ దగ్గర కూడా బార్న్ స్వాలో ఉంది, కాకపోతే అక్కడ అది వేసవి పిట్ట. సెప్టెంబరులో చల్లబడిన రెండు రాత్రుల తర్వాత పొద్దున పార్కుకి వెళ్లి గ్రీన్ డార్నర్‌ల కోసం చూడండి.

ఇక్కడ ఉన్నవాళ్లు ఆ చలి సూత్రాన్ని మన తూనీగకి తగిలించకండి. మన దగ్గర నడిపించేవి వానా గాలులూ.

ఏడో పని: గొంతు

ఇది త్వరగా అయిపోతుంది. తూనీగకి గొంతు లేదు. దగ్గరగా వెళ్తే రెక్కల గరగర మాత్రం వినిపిస్తుంది. దాని పెట్టుబడి అంతా కళ్లలో ఉంది. తల దాదాపు మొత్తం కళ్లే, ఒక్కో కంటిలో వేల చిన్న కటకాలు. వానకోయిల సన్నగా, గబగబా ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టు కూస్తుంది. మన దగ్గర చలికాలంలో పూర్తి పాట ఆశించకండి, అది ఎక్కువగా గూడు కట్టే చోట పాడేది. తీగ కింద నిలబడి రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుంటే చాలు.

ఎనిమిదో పని: ఫలితం రాయడం

ఇంటికొచ్చాక పుస్తకం తెరిచి వాక్యాలు రాయాలి. ప్రతి వాక్యంలో ఒకే పని, రెండు పద్ధతులు ఉండాలి. 'తూనీగ గొప్పది, దానికి నాలుగు రెక్కలు' అనేది వాక్యం కాదు. 'గాల్లో పురుగుని పిట్ట నోటితో, తూనీగ కాళ్లతో పడుతుంది' అనేది వాక్యం. మీరు కళ్లతో చూసినదాని పక్కన 'చూశాను' అనీ, చదివినదాని పక్కన 'చదివాను' అనీ గుర్తు పెట్టండి. నా పుస్తకంలో ప్రయాణం పేజీ అంతా 'చదివాను'లే. నీళ్ల తాకిడి పేజీ అంతా 'చూశాను'లు. ఏ పేజీని నేను ఎక్కువసార్లు తెరుస్తానో చెప్పనక్కర్లేదు.

పిట్టల లెక్కని ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, తూనీగ ఫొటోల్ని ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. తూనీగ ఫొటో పక్కనుంచి ఒకటి, వెనక రెక్క మొదలు స్పష్టంగా కనిపించేలా పైనుంచి ఒకటి ఉంటే గుర్తుపట్టేవాళ్లకి సులువు. ఎగురుతుంటే రాదు. పొద్దున్నే మంచులో వేలాడేటప్పుడు తీయండి. తీగ మీది పిట్టల్ని లెక్కపెట్టేటప్పుడు ఒక్కోటి కాకుండా రెండు స్తంభాల మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కించి, అలాంటి ఖాళీలు ఎన్నో చూసి గుణించండి. పెద్ద గుంపుకి అదొక్కటే దారి. తూనీగల్ని అలా లెక్కపెట్టబోతే మతి పోతుంది. ఒక కొబ్బరిచెట్టుకీ ఇంకో కొబ్బరిచెట్టుకీ మధ్య గీతని ఒక నిమిషంలో ఎన్ని దాటాయో రాయండి, చాలు.

ఏప్రిల్‌లో తీగలు ఖాళీ అయిన తేదీ రాసుకుని పుస్తకం పక్కన పెట్టేయొచ్చు. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డాక మళ్లీ తీయండి. ఊరి చివర నిలిచిన వాననీటి గుంట ఒకటి చూసి పెట్టుకోండి. ఆరు వారాలు గడిచాక పొద్దున్నే వెళ్లి గట్టు మీది గడ్డిపరకల్ని వెతకండి. వీపు చీలి, లోపల ఏమీ లేకుండా, కాళ్లతో పరకని ఇంకా పట్టుకుని ఉన్న గోధుమ రంగు కుబుసం దొరికితే జాగ్రత్తగా తీసి అగ్గిపెట్టెలో పెట్టుకోండి. దానిలోంచి వచ్చింది అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.